భీమిలికి ఒక్క పూట చాలదు

విశాఖ నుంచి వెళ్లి ఒక్క పూటలో భీమిలి చూసి వచ్చేయొచ్చని ఎవరో రాసింది చదివాను. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్ చూడటానికైతే సరిపోతుంది. కానీ దసరాకి నాలుగు రోజులనుకుని వెళ్లి, కార్తీక పౌర్ణమి దాకా ఉండిపోయినదాన్ని, ఆ మాట ఒప్పుకోలేను.

మొదటి వారం వాయుగుండం టెన్షన్. పడవలన్నీ ఒడ్డునే. వాన తెరిపిచ్చాక చూడాలి ఆ ఊరిని! గోస్తనీ నది ఎర్రటి నీళ్లతో వచ్చి సముద్రంలో కలుస్తుంటే, ఆ రెండు రంగుల మధ్య గీత గంటల తరబడి కదలకుండా కనిపించేది. పొద్దున్నే వలల్లోంచి కానాగంత చేపలు విడదీసే ఆవిడ నాకు రోజూ కనపడేది. చేతులు ఆగవు, కళ్లు మాత్రం సముద్రం మీదే. "కార్తీకం కదమ్మా, కొనేవాళ్లు తగ్గిపోయారు" అంది ఒకరోజు. పండగ నెల ఆ ఇంటికి కష్టకాలమని అప్పటిదాకా నాకు తట్టనేలేదు.

పావురాలకొండ మాత్రం తప్పకుండా ఎక్కండి, పైన పాత బౌద్ధారామం ఆనవాళ్లున్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. అయినా సాయంత్రం ఏడింటికల్లా వీధులు సద్దుమణిగి, అలల చప్పుడు గదిలోకి వచ్చేస్తుంది. పౌర్ణమి నాడు చంద్రుడు నేరుగా నీళ్లలోంచే లేచాడు. మర్నాడు బస్సెక్కాను.