సవరణ: 'కబ్సత్' అంటే సోదరుడు మాత్రమే కాదు

స్వదేశంలో, విదేశాల్లో ఇలోకానో మాట్లాడేవాళ్లని కలిపే ఫ్రాటర్నిటీ (సోదర సంఘాలు), సొరారిటీల (సోదరీ సంఘాలు) గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి, క్షమించండి. ఇలోకానో అనేది ఫిలిప్పీన్స్‌లోని మరో భాష తగలాగ్‌కి ఒక యాస అన్నాను. కాదు. అది ఫిలిప్పీన్స్‌లో ఉత్తర లుజోన్‌కి చెందిన విడి భాష, తగలాగ్ ఒక్కటే వచ్చినవాళ్లకి నేర్చుకోకుండా అర్థం కాదు.

రెండోదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇలోకానో మాట 'కబ్సత్' అంటే సోదరుడు అని రాసి, ఆ సంఘాల్లోకి ఆడవాళ్లు ఏదో తర్వాత వచ్చి చేరినట్టు అనిపించేలా చేశాను. నిజానికి ఆ మాట అచ్చం మన 'తోబుట్టువు' లాంటిది, ఆడామగా తేడా లేదు. అన్న మనోంగ్, అక్క మనాంగ్, తమ్ముడైనా చెల్లెలైనా అడింగ్. ఇంత చక్కని వరసలున్న భాషలో రెండింటికీ చోటు ఒకే మాటలో ఉందన్నమాట!

హవాయి గురించి రాసింది మాత్రం అలాగే ఉంచాను: 1906 డిసెంబరులో చెరకు తోటల పనికి 15 మంది ఫిలిప్పీన్స్ నుంచి ఓడ దిగారు, తర్వాత 1946 వరకూ వేలమంది వెళ్లారు, వాళ్లలో ఇలోకానోలే ఎక్కువ. ఇప్పుడు అక్కడ మనోవాలో ఉన్న హవాయి యూనివర్సిటీలో ఈ భాషని పాఠంగా చెబుతున్నారు.