గైనిక్ దగ్గరే ఆగిపోవాలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఇళ్లలో ఆడపిల్లకు ఎంబీబీఎస్ సీటు వస్తే వీధంతా మిఠాయిలు పంచుతారు. అదే పిల్ల పీజీలో జనరల్ సర్జరీయో ఆర్థోపెడిక్సో తీసుకుంటానంటే మాత్రం కన్నవారి నుంచి వార్డులోని పెద్ద డాక్టరు దాకా అందరిదీ ఒకే మాట: "అదెందుకమ్మా, గైనిక్ తీసుకో." ఆ మాటలో ప్రేమ ఉంది గానీ న్యాయం లేదు. ఆడవారి చేతులు సర్జరీకి బలహీనమన్న అనుమానం దాని వెనక ఉంది. బిడ్డ అడ్డం తిరిగిందని అర్ధరాత్రి కొండ ఊరి నుంచి తీసుకొచ్చిన తల్లికి సిజేరియన్ చేసేదీ, రక్తస్రావం ఆగకపోతే గర్భసంచి తీసి ప్రాణం నిలబెట్టేదీ ఆ గైనిక్ డాక్టరే కదా. అప్పుడు కనబడని బలహీనత పిత్తాశయం తీసేటప్పుడు ఆ చేతుల్లోకి ఎక్కడి నుంచి వస్తుంది? మద్రాసులో టి.ఎస్. కనక అనే మహిళా డాక్టరు న్యూరోసర్జరీలో (మెదడు, నరాల శస్త్రచికిత్సలో) ఎం.సిహెచ్. అనే ఉన్నత పట్టా పూర్తిచేసింది 1968లోనే.

నీట్ ర్యాంకును బట్టే సీట్లు ఇస్తున్నారు గనుక ఎవరి ఇష్టం వారిదేనన్న వాదనను మేము అంగీకరించలేము. చాలా ఆస్పత్రుల్లో ఆపరేషన్ థియేటర్ పక్కనున్న 'డాక్టర్ల గది' మగవారు బట్టలు మార్చుకునే గది. మహిళా సర్జన్ నర్సుల గదిలో చోటు వెతుక్కోవాలి. ఆరో నంబరు చేతికి ఏడున్నర గ్లౌజు అందిస్తే ముడి వేసేటప్పుడు వేలి కొసన రబ్బరు ముడతపడి దారానికి చిక్కుకుంటుంది. చూసేవారు దాన్ని ఆమె చేతకానితనం కింద జమకడతారు.

నష్టం డాక్టర్లతో ఆగదు. రొమ్ములో గడ్డను మగ డాక్టరుకు చూపించలేక నెలల తరబడి దాచుకునే స్త్రీలు మన ఊళ్లలో ఉన్నారు. కెనడాలోని ఒంటారియోలో 13 లక్షలకు పైగా రోగుల వివరాలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనం, మహిళా సర్జన్లు ఆపరేషన్ చేసిన స్త్రీల కంటే మగ సర్జన్లు చేసిన స్త్రీలకు ఆ తర్వాత ఇబ్బందులు ఎక్కువగా వచ్చాయని తేల్చింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం వైద్య ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో 70 శాతం స్త్రీలే అయినా నాయకత్వ పదవుల్లో వారు 25 శాతమే. ఏ సైజు గ్లౌజులు కొనాలో, రాత్రి డ్యూటీలో ఎవరు ఎక్కడ విశ్రమించాలో నిర్ణయించేది ఆ పదవుల్లో ఉన్నవారే. యాభైమంది లేదా అంతకు మించి పనిచేసేచోట శిశుసంరక్షణ గది ఉండాలని 2017 ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం చెప్పింది. బోధనాసుపత్రిలో అది థియేటర్‌కు నడిచివెళ్లేంత దూరంలో ఉంటేనే పసిబిడ్డ తల్లి సర్జరీ శిక్షణను మధ్యలో వదిలేయకుండా ఉంటుంది. సర్జరీ విభాగాల్లో స్త్రీలెందరో, వారిలో విభాగాధిపతులెందరో ఒడిశా ఆరోగ్యశాఖ జిల్లాలవారీగా ఏటా ప్రకటించాలి. ప్రతి కొనుగోలు కమిటీలోనూ ఒక మహిళా సర్జన్‌ను కూర్చోబెట్టాలి. వచ్చే ఇండెంట్‌లోనే (సరుకుల కొనుగోలు జాబితాలోనే) ఆరు, ఆరున్నర సైజు గ్లౌజులు తెప్పించాలి.