తలకాయకొక మీటరు

కరెంటు పంచే దక్షిణ డిస్కం హెడ్డాఫీసు మన తిరుపతిలోనే ఉంది. ఇంటికో మీటరు, అంగడికో మీటరు బిగించాం. తలకాయకు మాత్రం ఇంతవరకూ బిగించలేదు. ఎవరి బుర్ర ఎంత కాలుతోందో లెక్క లేకుండానే ఎయిర్ బైపాస్ రోడ్డు పొడుగునా ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టేస్తున్నాం. "నీకు బుర్ర పని చేస్తోందారా?" అని అడిగిన తండ్రికి అంకెల్లో జవాబు చెప్పిన కొడుకు ఈ జిల్లాలో ఒక్కడూ లేడు. ఈ లోటు తీర్చడానికే ఈ ప్రతిపాదన.

సాధనం లేదనడానికి వీల్లేదు. 1976 ఆగస్టులోనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మనిషికి ఎఫ్‌డీజీ ఎక్కించి మెదడు బొమ్మ తీశారు. ఎఫ్‌డీజీ అంటే వేషం మార్చిన గ్లూకోజు. రెండో కార్బను మీది హైడ్రాక్సిల్ ఊడబీకి అక్కడ రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలిస్తారు. మెదడు కణం వాకిట్లో దీన్ని గ్లూకోజే అనుకుని లోపలికి వదులుతారు. లోపల హెక్సోకైనేజ్ అనే ఎంజైము చేతికి ఫాస్ఫేటు కంకణం కడుతుంది. అసలు గ్లూకోజు ఆ కంకణం చూపించి ముందుకు సాగిపోతుంది. దీనికి తర్వాతి గేటు తెరుచుకోదు, కంకణం పడ్డాక వెనక్కి పోవడానికీ దారి లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటుకు తాళం పడ్డాక మన పరిస్థితి ఎట్లా ఉంటుందో అంతే. కాకపోతే మనకు ఎప్పటికో దర్శనం అవుతుంది, దీనికి అదీ లేదు. గ్లూకోజు వాడకం ఎక్కువున్న చోట ఇరుక్కున్నవాళ్లూ ఎక్కువ. ఇరుక్కున్న ప్రతి ఫ్లోరిన్ చెదిరినప్పుడు చెరో దిక్కుకు దూసుకుపోయే 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాల జంటను, తల చుట్టూ ఉన్న పెట్ స్కానరు పట్టుకుని లెక్కేస్తుంది.

ఇక బిల్లు. మెదడు బరువు దాదాపు 1.4 కిలోలు, ఒంట్లో 2 శాతం. ఊరికే కూర్చున్నా ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో 20 శాతం దీనిదే. ఇంట్లో పని చేయకుండా పెద్ద పళ్లెం పెట్టించుకునే బావమరిది లాంటిది. అయినా వాటేజీ చూస్తే 20 వాట్లు, రెండు ఎల్ఈడీ బల్బులు. రోజుకు అర యూనిట్, నెలకు పదిహేను లోపు. ఎంత మేధావి అయినా మొదటి శ్లాబు దాటడు.

వినియోగదారుల గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఐఐటీ లెక్కలు చేసేవాడికీ, కపిలతీర్థం మెట్ల మీద కూర్చుని కోతుల్ని చూసేవాడికీ బిల్లు ఇంచుమించు ఒకటే వస్తుంది. 1955లోనే సోకోలాఫ్, కెటీ అనే శాస్త్రవేత్తల బృందం కుర్రాళ్ల చేత మనసులో లెక్కలు చేయించి, మెదడులోకి పోయే రక్తంలోనూ మెడ సిరలోంచి దిగి వచ్చే రక్తంలోనూ ఆక్సిజను కొలిచింది. మొత్తం మెదడు వాడకం చెప్పుకోదగ్గంత పెరగలేదు. తర్వాత మెదడు శాస్త్రవేత్త మార్కస్ రేకల్ లెక్క కట్టిందాని ప్రకారం బయటి పనుల కోసం మెదడు అదనంగా పెట్టే ఖర్చు మొత్తం బడ్జెట్టులో అర శాతం నుంచి 1 శాతం దాకానే ఉండవచ్చు. తక్కిందంతా మినిమం చార్జీ, ఇల్లు తాళం వేసి ఊరెళ్లినా కట్టాల్సిందే.

కోచింగు సెంటర్లకు ఇంకో చేదు వార్త. 1992లో రిచర్డ్ హైయర్ అనే పరిశోధకుడి బృందం ఎఫ్‌డీజీ ఎక్కేటప్పుడు మనుషుల చేత టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడించింది. వారాల తరబడి సాధన చేసి స్కోరు పెరిగాక చూస్తే మెదడు గ్లూకోజు వాడకం తగ్గింది. అంటే ఫ్లెక్సీ మీద ఎర్రగా వెలిగే తలకాయ వేస్తే అది మొదటి ర్యాంకువాడిది కాకపోవచ్చు, ఇంకా పాఠం అర్థం కానివాడిది కావచ్చు.

మీటరు రీడింగుకు నియమాలున్నాయి. నాలుగు నుంచి ఆరు గంటలు పస్తు, మంచినీళ్లు తాగొచ్చు. ఎఫ్‌డీజీకీ రక్తంలోని చక్కెరకూ గేటు దగ్గర తోపులాట కాబట్టి చక్కెర 160 దాటితే బొమ్మ మసకేస్తుంది, 200 దాటితే చాలాచోట్ల వాయిదా వేస్తారు. అప్పటికప్పుడు ఇన్సులిన్ పొడిచి దించుదామంటే కుదరదు, ఎఫ్‌డీజీ అంతా కండరాలకు పోయి జబ్బలూ తొడలూ వెలుగుతాయి. తిరుపతిలో ఈ పస్తు నియమాన్ని చెడగొట్టేది ఇడ్లీ కాదు.

"పెద్దాయనా, పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"

"ఏమీ తినలేదు నాయనా. రాత్రి ఎనిమిదికి తిన్నదే."

వేలి కొస మీద సూది, చుక్క రక్తం. మీటరు 214 చూపిస్తుంది.

"నిజం చెప్పు సామీ."

"తినలేదంటే ఇనవేంది? కొండ మీద నుంచి మా చెల్లెలోళ్లు లడ్డు తెచ్చినారు. ప్రసాదం వద్దంటారా యాడన్నా?"

"ఎంత తిన్నారు?"

"సగమే. తక్కిన సగం నీకు తెచ్చినా."

పెద్ద చేతికి సరిపడే ఆ లడ్డు బరువు 160 నుంచి 180 గ్రాములు. మెదడు రోజంతా కాల్చే గ్లూకోజు 120 గ్రాముల లోపే. చేతిలో ఉన్న సగాన్ని చూస్తూ టెక్నీషియన్ వాయిదా తేదీ రాస్తాడు.

ఇంతలో సీసం డబ్బాలో ఎఫ్‌డీజీ మందు కరిగిపోతూ ఉంటుంది. ఫ్లోరిన్-18 సగం కావడానికి 110 నిమిషాలు చాలు. ఈ ఫ్లోరిన్ తయారుచేసే యంత్రం సైక్లోట్రాన్, చెన్నైలో ఉన్నదాని నుంచి తెప్పించుకుంటే దారి మూడు గంటలు. రేడియోధార్మికతను కొలిచేది మిల్లీక్యూరీల్లో. ఇక్కడ 5 మిల్లీక్యూరీలు కావాలంటే అక్కడ పదిహేనున్నర బండికెక్కించాలి. పుత్తూరు దగ్గర అరగంట బండి ఆగిందా, మిగిలినదాంట్లో ఇంకో 17 శాతం పోయినట్టే. విరిగిన ఎముకకు పుత్తూరులో కట్టుంది, చెదిరిన ఫ్లోరిన్‌కు లేదు.

పస్తున్నవాడు దొరికి, మందూ చేరిందనుకుందాం. ముందుగానే చేతి నరంలోకి క్యాన్యులా గొట్టం వేసి, మసక వెలుతురు గదిలో పడుకోబెట్టాలి. సూది నొప్పి కూడా మెదడుకు ఒక పనే, అందుకే మందు ఎక్కించేటప్పుడు మళ్లీ గుచ్చరు. ఆ తర్వాత అరగంట మాటల్లేవు, ఫోను లేదు, వక్క నమలడం లేదు. మందులో ఎక్కువ భాగం ఇరుక్కునేది ఆ అరగంటలోనే, స్కానరు తర్వాత తీసేది దాని ఫోటో మాత్రమే. టీవీ చూస్తే తల వెనక భాగం వెలిగిపోతుంది. అటెండరుగా వచ్చిన వదినగారు తలుపు తోసి "ఏమన్నా తెలస్తా ఉందా?" అని పలకరిస్తే, ఆ పలకరింపు కూడా రిపోర్టులోకి ఎక్కుతుంది. మూర్ఛ రోగుల విషయంలో ఇది నవ్వులాట కాదు. మామూలప్పుడు మూర్ఛ పుట్టే చోటు మసకగా కనిపిస్తుంది. ఆ అరగంటలో సన్నగా మూర్ఛ వచ్చిందంటే అదే చోటు వెలుగుతుంది, డాక్టరు తప్పు వైపు వేలు పెట్టే ప్రమాదం ఉంది. అందుకే పక్కన మెదడు కరెంటును రాసే ఈఈజీ పెడతారు.

బొమ్మ చేతికొచ్చాక రంగుల సంగతి. కొలమానం పై హద్దు తగ్గిస్తే అదే మెదడు ఎర్రబడుతుంది, పెంచితే నీలమవుతుంది. నిమిషానికి ఇన్ని మిల్లీగ్రాములు అని ఖచ్చితంగా చెప్పాలంటే మణికట్టు ధమని నుంచి పదేపదే రక్తం తీయాలి, దానికి మనవాళ్లు ఒప్పుకోరు. అందుకే ఆసుపత్రుల్లో ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోల్చి సరిపెడతారు. అల్జీమర్స్ అనుమానానికి ఆ పోలికే చాలు. ఫ్లెక్సీకి చాలదు. పోనీ రక్తం ఇచ్చారే అనుకోండి, ఎఫ్‌డీజీ లెక్కను గ్లూకోజు లెక్కగా మార్చడానికి ఒక స్థిరాంకంతో భాగించాలి. 1979లో అది 0.42, తర్వాతి కొలతల్లో 0.8 దాటింది. ఎవరి తలా మారకుండానే అందరి రీడింగూ సగానికి పడిపోయిందన్నమాట. శ్లాబులు మార్చే కళ మన డిస్కంలకే తెలుసనుకున్నాం.

చివరిగా గడియారం. మందు కొలిచే యంత్రం గడియారానికీ స్కానరు గడియారానికీ 10 నిమిషాలు తేడా ఉంటే ఫలితంలో 6 శాతం తప్పు. ఆలోచించినందుకు మెదడు అదనంగా పెట్టే ఖర్చేమో 1 శాతం. కాబట్టి తలకాయ మీటరు పథకం మొదటి విడతలో గోడ గడియారానికి కొత్త సెల్లు కొనడానికి అనుమతి కోరుతున్నాం. మూడు కొటేషన్లు జతపరిచాం. ఫైలు ఎక్కౌంట్స్ సెక్షన్లో ఉంది.