దింపు కార్మికుడి చూపుకు కూలి ఎంత?

రెండేళ్ల కిందట, వానలు కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఉదయం కోనసీమలోని మా కొబ్బరి తోటలో కాయల దింపు జరుగుతోంది. పదో పన్నెండో చెట్టు ఎక్కిన మనిషి ఎంతసేపటికీ కాయలు కొట్టడం లేదు. కింద నుంచి కేక వేస్తే పైనుంచి ఒక్క మాటే వచ్చింది. "మొవ్వు పోయిందండి." మొవ్వు అంటే చెట్టు నడినెత్తిన కొత్త ఆకులు పుట్టే లేత భాగం. నడిమి ఆకును పట్టుకుని కాస్త లాగితే ఊడి చేతిలోకి వచ్చేసిందట. దాన్ని కిందికి విసిరాడు. మొదలంతా గోధుమరంగు ముద్ద, దగ్గరికి వెళ్లలేనంత కుళ్లు వాసన. తలెత్తి చూస్తే మాత్రం ఆ చెట్టు పక్క చెట్లలాగే నిండుగా, పచ్చగా ఉంది.

ఆయన దిగి బోర్డో పేస్టు, అంటే కుళ్లును ఆపే మైలుతుత్తం, సున్నం ముద్ద, కావాలన్నాడు. మధ్యాహ్నం మళ్లీ ఎక్కాడు. కుళ్లిన భాగాన్ని తెల్లటి మంచి భాగం కనిపించేదాకా కత్తి మొనతో చెక్కి తీశాడు. గాయానికి పేస్టు పూసి, వాన నీళ్లు దిగకుండా పైన ప్లాస్టిక్ సంచి కట్టి వచ్చాడు. సాయంత్రం కూలి లెక్క కట్టినప్పుడు ఆ చెట్టు లెక్కలోకే రాలేదు. మా తోటలో కూలి కాయల మీద. ఆ చెట్టు నుంచి ఆ రోజు ఒక్క కాయ దిగలేదు. మా నాన్నగారు విడిగా ఇచ్చిన డబ్బును ఆయన మొహమాటపడుతూ తీసుకున్నాడు. ఆ పనికి కూలి అడగవచ్చని ఆయనకు తోచలేదు. తప్పు ఆయనది కాదు. ఇన్నేళ్లుగా అలా లెక్క కట్టింది మేము.

కొబ్బరి చెట్టుకు ప్రాణం ఒక్కచోటే ఉంటుంది. మామిడి కొమ్మ విరిగితే పక్కనుంచి ఇంకో కొమ్మ వస్తుంది. కొబ్బరికి ఉన్నది ఒకే మొవ్వు, అది చస్తే చెట్టు చచ్చినట్టే. ఆ మొవ్వు నేలకు యాభై అరవై అడుగుల ఎత్తున, మట్టల నడుమ దాగి ఉంటుంది. కొమ్ము పురుగు తొలిచిన మొవ్వులోంచి ఆకు విచ్చుకున్నాక, కత్తిరించిన విసనకర్రలా కనబడి కిందివాళ్లకు సంగతి తెలుస్తుంది. అప్పటికి పురుగు తన పని తాను చేసుకుని పోయి ఉంటుంది. ఎక్కినవాడికి మాత్రం రంధ్రమూ, దాని మూతి దగ్గర నమిలి తోసిన పిప్పీ కనిపిస్తాయి. ఇనుప కొక్కెంతో పురుగును బయటికి లాగేదీ, వేపపిండిలో ఇసుక కలిపి పై మట్టల మొదళ్లలో పోసేదీ ఆయనే. ఎర్రముక్కు పురుగు పట్టిన చెట్టు కాండం నుంచి కారే ఎర్రటి జిగురును ముందు చూసేది కూడా ఆయనే. రైతు, ఉద్యాన అధికారి, శాస్త్రవేత్త ముగ్గురూ నేల మీద నిలబడి చూసేవాళ్లు. నలభై అయిదు రోజులకో అరవై రోజులకో ఒకసారి ప్రతి చెట్టు తలనూ కళ్లారా చూసే మనిషి దింపు కార్మికుడొక్కడే.

అంబాజీపేటలో కొబ్బరికి ప్రత్యేకంగా పరిశోధన కేంద్రం ఉంది. గోదావరి గంగ వంటి సంకర రకం అక్కడినుంచే వచ్చింది. ఆ కేంద్రం చెప్పే సలహాల్లో సగం, చెట్టు తల దాకా వెళ్లగలిగే మనిషి ఒకడు ఉన్నాడన్న నమ్మకం మీద ఆధారపడినవే. ఆ మనిషి ఇప్పుడు దొరకడం లేదు. మా ఊళ్లో దింపుకు వచ్చేవాళ్లలో నలభై ఏళ్లు దాటనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తండ్రి కాళ్లకు బందం వేసుకుని చెట్టెక్కుతుంటే చూస్తూ పెరిగిన కొడుకు ఆ బందాన్ని ముట్టుకోనంటున్నాడు. అతన్ని నేను తప్పుపట్టను.

ఆ పని బరువు ఎంతో ఒకసారి లెక్క వేసి చూడండి. ఇరవై అయిదు అడుగుల ఎడంతో నాటిన తోటలో ఎకరానికి సుమారు 70 చెట్లు ఉంటాయి. ఒక మనిషి రోజుకు 40 చెట్లు, చెట్టుకు 50 అడుగుల చొప్పున ఎక్కాడనుకుంటే, ఎక్కిన ఎత్తే 2000 అడుగులు. కుతుబ్ మినార్‌ను ఎనిమిది సార్లకు పైగా ఎక్కినట్టు, అదీ మెట్లు లేకుండా. దిగడం వేరే. మధ్యలో తేనెపట్టు ఉండవచ్చు, కందిరీగలు ఉండవచ్చు, వానకు పట్టిన నాచు ఉండవచ్చు. మా ప్రాంతంలో కరెంటు తీగలు తోటల మధ్యనుంచే పోతాయి, నరికిన మట్ట ఎటు పడుతుందో ప్రతిసారీ చూసుకోవాలి. పైన మనిషికి కళ్లు తిరిగితే ఎక్కి దింపేవాళ్లు ఎవరూ ఉండరు. కింద ఉండేది కాయలు ఏరే మనిషి.

బ్రిటన్‌లో ఇలాంటి పనివాణ్ని ట్రీ సర్జన్ అంటారు, అంటే చెట్లకు శస్త్రవైద్యుడు. అక్కడా చాలామంది సొంతంగా పని చేసుకునేవాళ్లే. అక్కడి 1998 నాటి నిబంధనల ప్రకారం చెట్టెక్కే తాడునూ నడుముకు కట్టుకునే పట్టీల జీనునూ ఆరునెలలకోసారి అర్హత ఉన్న మనిషి పరిశీలించాలి. ఎత్తున చేసే పనులకు 2005లో విడిగా నిబంధనలు వచ్చాయి. పైన ప్రమాదం జరిగితే ఎక్కి దింపగల మనిషి కింద సిద్ధంగా ఉండాలన్నది అక్కడి వృత్తి నియమం. కుళ్లిన భాగాన్ని గుర్తించడం, కోయడం, బరువైన కొమ్మను ఎక్కడ పడాలో అక్కడ పడేయడం అక్కడా ఇక్కడా ఒకటే పని. పేరు మారేసరికి అక్కడ అది వైద్యమైంది, మన దగ్గర కూలిగా మిగిలిపోయింది. పేరుకు ఇంత విలువ ఏమిటని కొందరు అంటారు. పేరును బట్టే కదా బిల్లులో ఏం రాయాలో తేలేది!

చట్టం కూడా ఇక్కడే చేయి వదిలేస్తుంది. 2025 నవంబరు దాకా అమలులో ఉన్న 1923 నాటి కార్మిక పరిహార చట్టం షెడ్యూలులో తాడిచెట్ల గీత ఉండేది, చెట్లు నరికే పని ఉండేది. అయితే పరిహారం రావాలంటే పనిలో పెట్టుకున్న యజమాని ఎవరో తేలాలి. ఉదయం ఒక తోట, మధ్యాహ్నం మరో తోట, రేపు ఇంకో ఊరు తిరిగే మనిషికి యజమాని ఎవరు? కొబ్బరికాయల వ్యాపారి పంపితే వచ్చాడా, రైతు పిలిస్తే వచ్చాడా? పడిపోయిన రోజున ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు ఇలాంటివాళ్ల కోసమే కేర సురక్ష బీమా పెట్టింది. ప్రీమియంలో ఎక్కువ భాగం బోర్డే కడుతుంది. మంచి పథకం, ఆ మాట మనస్ఫూర్తిగా అంటాను. కానీ దాని కాగితాలు నింపుకునే తీరిక, చదువు, దానిగురించి చెప్పే మనిషి, ఇవన్నీ కావలసింది తెల్లవారుజామున తోటకు బయలుదేరేవాడికి.

కేరళ ఈ సమస్యను మనకంటే ముందు చూసింది. చెట్టెక్కేవాళ్లు దొరక్క కాయలు చెట్ల మీదే ఎండిపోతుంటే, 2011లో అదే బోర్డు యువతకు యంత్రంతో చెట్టెక్కే శిక్షణ మొదలుపెట్టింది. ఆడవాళ్లు కూడా నేర్చుకున్నారు. దింపుతోపాటు చెట్టు తల శుభ్రం చేయడం, తెగుళ్లను గుర్తించడం ఆ శిక్షణలో భాగమే. నాకు అన్నిటికంటే నచ్చింది అదే. యంత్రానికి పరిమితులు ఉన్నాయి. ప్రతి చెట్టుకూ తగిలించాలి, మళ్లీ విప్పాలి, చేయి తిరిగిన మనిషి ఆ లోపల ఇంకో చెట్టు ఎక్కేస్తాడు. కాయల లెక్కన కూలి ఉన్నంతకాలం భద్రత కోసం ఆగే ప్రతి నిమిషమూ ఆయన జేబులోంచే పోతుంది. తాడు కొనిస్తే ఎందుకు కట్టుకోరని విసుక్కునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

పొట్టి రకాలు వేసుకుంటే సరిపోతుందన్న మాట కూడా వింటుంటాం. కొత్తగా నాటేవాళ్లకు మంచి సలహానే. కానీ 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ తోటలను నేలమట్టం చేశాక నాటిన పొడుగు రకం మొక్కలు ఇప్పుడు ముప్పై ఏళ్లకు చేరుతున్నాయి. ఎక్కడానికి కష్టమయ్యే ఎత్తుకు ఇప్పుడే వచ్చాయి, ఇంకో మూడు నాలుగు దశాబ్దాలు కాస్తాయి. అన్నాళ్లూ వాటిని ఎవరో ఒకరు ఎక్కాల్సిందే.

కాబట్టి మారాల్సింది కూలి కట్టే పద్ధతి. కాయకు ఇంత అన్నప్పుడు, కాపు లేని చెట్టు ఎక్కితే నష్టం, కాపు ఉన్న చెట్టు మీద ఆగి మొవ్వు చూస్తే నష్టం. జబ్బు చెట్టుకే ఎక్కువ అవసరమైన మనిషి, అదే చెట్టును దాటిపోవలసి వస్తోంది. తోటను ఏడాదికి ఒప్పుకుని, ప్రతి చెట్టుకూ ప్రతి దింపుకూ ఒక రేటు పెట్టి, మొవ్వు వైద్యానికి విడిగా కట్టాలి. బీమాలో కార్మికుడి వాటా రైతు భరించాలి. ధర పడిపోయిన ఏడాది ఇది రైతుకు బరువే, కాదనను. కానీ కాపుకొచ్చిన ఒక చెట్టు చస్తే, మళ్లీ మొక్క నాటి కాయ చూడటానికి అయిదారేళ్లు పడుతుంది. ఆ నష్టాన్ని మనం ఏ పుస్తకంలోనూ రాసుకోవడం లేదు.

ఆ మొవ్వు కుళ్లిన చెట్టుకు ఆరేడు నెలల తర్వాత కొత్త ఆకు వచ్చింది. మొదట వంకరగా, పొట్టిగా వచ్చి, తర్వాత నిటారుగా నిలబడింది. ఈ సంవత్సరాది నుంచి మా తోటకు ఆయనతో ఏడాది ఒప్పందం రాసుకున్నాం, చెట్టుకు ఇంత చొప్పున, కాయ ఉన్నా లేకపోయినా. బీమా వాటా మాదే. రాసుకునేటప్పుడు ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. వాన పడిన మర్నాడు ఎక్కనని.