నొప్పి పైకి పాకుతోందా, కిందికి దిగుతోందా?

పిరుదులో మొదలై, తొడ వెనక నుంచి పిక్కలోకి, అక్కణ్నుంచి పాదం దాకా కరెంటు తీగలా దిగే నొప్పిని సయాటికా అంటున్నాం. ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. కాలు ఈడుస్తూ వేసే అడుగు రాబందు నడకలా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఇప్పుడు ఈ నొప్పి వచ్చినవారి చేతిలో ముందుగా కనిపించేది ఎమ్మారై కవరు. అందులో 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్' (నడుములోని నాలుగు, ఐదో వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బింది) అన్న మాట చదివిన రోజు నుంచి వంగడం మానేస్తారు, నడక మానేస్తారు, బెల్టు బిగిస్తారు. నాలుగు నెలలు గడిచాక ఎవరో పంపిన యోగా వీడియో చూసి ఒకేసారి అన్నీ మొదలుపెడతారు. మూడో రోజుకు మళ్లీ మంచం.

ఇక్కడ తప్పు వ్యాయామానిది కాదు, దాన్ని ఎంచుకున్న తీరుది. రిపోర్టును బట్టి కాకుండా, కదిలినప్పుడు నొప్పి ఎటు ప్రయాణిస్తోందో చూసి ఎంచుకోవాలి.

రిపోర్టు మీద ఎందుకంత నమ్మకం పెట్టుకోకూడదంటే, ఏ నొప్పీ లేనివారి స్కానింగులను క్రోడీకరించిన 2015 నాటి సమీక్షలో, 20 ఏళ్ల వయసువారిలోనే 30 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. 80 ఏళ్లకు అది 84 శాతం. విశ్రాంతి సంగతీ అంతే. 1986లో అమెరికాలో జరిగిన పరీక్షలో నడుం నొప్పి వచ్చినవారిలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు మంచం రాశారు. వారం పడుకున్నవారికి అదనంగా ఒరిగిందేమీ లేదు, పని దినాలు మాత్రం ఎక్కువ పోయాయి. దీర్ఘకాలిక నడుం నొప్పికి మామూలు చికిత్సగా బెల్టులు, ట్రాక్షన్ (నడుమును లాగి పట్టే చికిత్స) వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. మన వీధి చివర ఫిజియోథెరపీ సెంటర్లలో ట్రాక్షన్ మంచం ఇంకా ఖాళీగా ఉండటం లేదు.

వ్యాయామం జోలికి వెళ్లే ముందు కొన్ని లక్షణాలు లేవని తేల్చుకోవాలి. మూత్రం బిగుసుకుపోవడం లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం, ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మడమల మీద నాలుగు అడుగులు వేసి చూడండి. ఒక పాదం ముందు భాగం పైకి లేవకుండా చెప్పు జారిపోతుంటే అదీ ఆలస్యం చేసే విషయం కాదు. నొప్పితో పాటు జ్వరం ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గతంలో క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు డాక్టరే.

అవేవీ లేకపోతే బోర్లా పడుకుని మొదలుపెట్టాలి. 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వచ్చిన రోగి ఒకరు, తల వైపు ఎత్తి ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నారు. కొద్దిసేపటికి వచ్చి చూస్తే కాలి నొప్పి పోయింది. అక్కడి నుంచి పుట్టిన సూత్రం చాలా సరళం: పిక్కలోని నొప్పి తొడకు, తొడలోది నడుముకు పాకితే, నడుములో కాస్త ఎక్కువైనా సరే, మంచి గుర్తు. నడుములోది తగ్గి పాదంలోకి దిగితే చెడ్డ గుర్తు. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని, మంచి చేస్తున్న వ్యాయామాన్నే మానేస్తారు.

ముందు రెండు, మూడు నిమిషాలు ఊరికే పడుకోవాలి. తర్వాత మోచేతుల మీద లేచి మరో రెండు నిమిషాలు. కాలిలోకి నొప్పి దిగకపోతే అరచేతులు భుజాల పక్కన ఆన్చి, పిరుదులు వదులుగా ఉంచి, చేతుల బలంతోనే ఛాతీని ఎత్తాలి. భుజంగాసనంలాగే ఉంటుంది కానీ వీపు కండరాలు పనిచేయకూడదు, పైన ఆగకూడదు. 10 సార్లు చేసి, రోజులో మూడు నాలుగు దఫాలు. అయితే ఇది అందరికీ పడదు. కాసేపు నడిస్తే కాళ్లు లాగి, ముందుకు వంగినా కూర్చున్నా హాయిగా అనిపించే పెద్దవయసువారికి వెన్నులో నరాలు సాగే కాలువ ఇరుకై ఉండొచ్చు. వారు వెనక్కి వంగితే అది ఇంకా ఇరుకవుతుంది. వెల్లకిలా పడుకుని మోకాళ్లు ఛాతీకి తెచ్చుకోవడం, కదలకుండా ఉండే సైకిల్ తొక్కడం వారికి నయం.

అన్నింటికంటే ఎక్కువ దెబ్బతీసేది పొద్దున్నే కాలివేళ్లు అందుకునే ప్రయత్నం. రాత్రంతా డిస్కులు నీరు పీల్చి ఉబ్బి ఉంటాయి. లేచిన మొదటి గంటలో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. సూర్య నమస్కారాల్లోని పాదహస్తాసనం, కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం ఆ వేళకు అసలు పనికిరావు. పైగా 'తొడ వెనక కండరం పట్టేసింది, సాగదీయాలి' అనుకునేది చాలాసార్లు నరమే. కుర్చీలో కూర్చుని నొప్పి ఉన్న కాలు చాపండి. లాగుడు మొదలైన చోట ఆపి గడ్డం ఛాతీకి ఆనించండి. మెడ వంచితే తొడలో లాగుడు పెరిగిందంటే ఆ లాగేది కండరం కాకపోవచ్చు, ఎందుకంటే మెడకూ తొడకూ మధ్య సాగే తాడు నరాలదే. దాన్ని పట్టి సాగదీస్తే మండుతుంది. జార్చాలి: మోకాలు చాపుతూ తల పైకెత్తాలి, మడుస్తూ తల దించాలి. ఒక కొస లాగుతుంటే ఇంకో కొస వదులవుతుంది. మెల్లగా 10 సార్లు, ఎక్కడా ఆగకుండా.

బలం కోసం కెనడా పరిశోధకుడు స్టువర్ట్ మెక్‌గిల్ చెప్పే మూడు వ్యాయామాల్లో ఒకటైనా నేర్చుకోవాలి. చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చేయి, ఎడమ కాలు ఒకేసారి చాపి 10 సెకన్లు ఆగడం. తర్వాత వైపు మార్చాలి. మొదటి విడత 6 సార్లు, తర్వాత 4, ఆఖర్న 2. నడుము మీద చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు పెట్టినట్టు ఊహించుకోండి. కాలు మరీ పైకెత్తితే నడుము కుంగి ఆ నీళ్లు ఒలుకుతాయి. తప్పంతా అక్కడే జరుగుతుంది.

నడకను చిన్నచూపు చూడొద్దు. 2024లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నడుం నొప్పి తగ్గిన 701 మందిని రెండు జట్లు చేశారు. క్రమంగా పెంచుతూ రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు నడవాలన్న లక్ష్యంతో సాగినవారికి నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది. నడక కార్యక్రమం లేనివారికి 112 రోజులే. 10 నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. పదికి మూడు, నాలుగు దాకా నొప్పి వచ్చినా ఫర్వాలేదు, మర్నాటికి అది పాత స్థాయికి రావాలి. రాకపోతే మానేయక్కర్లేదు, సగానికి తగ్గించాలి.

ఇక బరువులు. నిండు గ్యాస్ సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, ఇనుముతో కలిపితే 30 కిలోలకు దగ్గర. బెల్టు ఉంది కదా అని దాన్ని లేపేవారు ముందు మాప్ కర్రతో సాధన చేయాలి. కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకుంటే అది తలకు, భుజాల మధ్యకు, నడుము కింది ఎముకకు తగలాలి. మోకాళ్లు కాస్త మడిచి, పిరుదులు వెనక్కి నెడుతూ వంగినప్పుడు ఈ మూడింటిలో ఏదీ కర్రను వదలకూడదు. అది కుదిరాక 5 కిలోల బియ్యం సంచి, రెండు వారాలు ఇబ్బంది లేకపోతే 10 కిలోలది. సిలిండరును అప్పటిదాకా ఇంకొకరు దొర్లిస్తారు.