కౌంట్ ఒక్కటే చూసి బెంబేలెత్తొద్దు
రక్తపరీక్షలో తెల్లకణాల కౌంట్ (మైక్రోలీటరుకు) 50 వేలు దాటితే బ్లడ్ క్యాన్సరేనన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్ బాగా ముదిరినా కౌంట్ అంతవరకూ ఎగబాకుతుంది. ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మెషీన్ ఇచ్చే అంకె కన్నా స్మియర్ (గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూడటం) ముఖ్యం. ఇన్ఫెక్షనైతే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల నిండా ముదురు రేణువులు చల్లినట్టు కనిపిస్తాయి. సీఎంఎల్ అనే బ్లడ్ క్యాన్సర్ అయితే బేసోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు పెరుగుతాయి, ఇంకా ఎదగని మైలోసైట్లు ఎక్కువగా ఉంటాయి. చాలామందికి ప్లీహం కూడా వాస్తుంది. అయినా సీఎంఎల్ అని తేల్చేది బీసీఆర్-ఏబీఎల్ అనే జన్యు పరీక్షే. 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నాయో లేదో అందులో బయటపడుతుంది.

ఇక మెడలో గడ్డకు సూది పరీక్ష ఒక్కటి చేసి, టీబీ మందులు మొదలెట్టేయడం మన దగ్గర కొత్తేం కాదు. ఆ గడ్డ లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) కూడా కావొచ్చు. మందులు వాడినా గడ్డ తగ్గకపోతే, దాన్ని మొత్తంగా తీసి బయాప్సీకి పంపమని గట్టిగా అడగండి. లింఫోమా ఏ రకమో సూదిలో వచ్చిన నాలుగు కణాలతో తేలదు.