గోడకి వేలాడుతున్న డమ్మీ లూగర్ గారికి

శ్రీమాన్ డమ్మీ లూగర్ పీ08 గారికి, అంటే పాత జర్మన్ పిస్టల్‌కి పేలని నకలు గారికి, మీ ఓనరు రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాను. అక్కడ అంటే ఎక్కడో కాదులే, నా ఎదురుగా గోడ మీదే. సరే, మర్యాద ఇక్కడితో సరి, ఏకవచనంలోకి దిగిపోతున్నా, ఎందుకంటే నిన్ను కొన్నప్పట్నుంచి మన మధ్య డబ్బు సంగతొకటి తేలకుండా ఉండిపోయింది.

నీ రేటు ఇక్కడ రాయను. మా ఆవిడకి చెప్పిన రేటు వేరు.

నువ్వొచ్చిన రోజు బాగా గుర్తు. డబ్బా విప్పితే థర్మాకోల్, అందులో నువ్వు, నీ మీద ఒక సర్టిఫికెట్. మూడు సార్లు చదివా. ఇది అసలు సిసలైన నకలు అని ధ్రువీకరించడమైనది అట. అంటే నకలుకి కూడా నకళ్ళుంటాయని, నేను కొన్నది మాత్రం ఒరిజినల్ నకలని నాకప్పుడే తెలిసింది, తెలిసి సంతోషపడ్డా కూడా, అదీ నా తెలివి. చేతిలోకి తీసుకుంటే బరువు. ఆ బరువే నా కొంప ముంచింది. అసలు లూగర్ 870 గ్రాముల దాకా ఉంటుంది, నువ్వూ ఆ చుట్టుపక్కలే తూగుతావు, చేతిలో అంత బరువు పడేసరికి బుర్ర లెక్కలెయ్యడం మానేస్తుంది.

నీ గుట్టు బయటపడింది మాత్రం ఆర్నెల్ల తర్వాత, మేకు ఊడి నువ్వు కింద పడ్డ రోజు. మూతి దగ్గర గోరంత నలుపు లేచిపోయింది. దాని కింద ఉక్కు ఉంటుందని వంగి చూశా. తెల్లబూడిద రంగు, కొంచెం గరుకు, బాత్రూం కొళాయి హ్యాండిల్ విరిగితే ఏం కనబడుతుందో సరిగ్గా అదే. అదే మరి, ఆ హ్యాండిలూ నువ్వూ ఒకే కులం, జమాక్. జింకు, అల్యూమినియం, మెగ్నీషియం, రాగి, వీటి జర్మన్ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరొచ్చింది, అందులో నూటికి తొంభై పైచిలుకు వట్టి జింకే. నాలుగొందల డిగ్రీలు కూడా దాటకుండానే కరిగిపోతుంది, అచ్చులోకి కొట్టి తీసేస్తారు, తలుపు హ్యాండిల్ కావాలంటే తలుపు హ్యాండిల్, లూగర్ కావాలంటే లూగర్.

ఇక్కడే నాకు కడుపు మండేది. అసలు లూగర్ ఎందుకు ఆగిపోయిందో తెలుసా నీకు? 1908లో జర్మన్ సైన్యం తీసుకుంది, ఉక్కుని చెక్కి చెక్కి, ఒక్కో ముక్కని చేత్తో అరగదీసి కూర్చేవాళ్ళు, ఖర్చెక్కువ, టైమెక్కువ, అందుకే 1938లో వాల్తర్ పీ38 అనే ఇంకో పిస్టల్ తెచ్చి దీన్ని మెల్లగా పక్కకి నెట్టారు. అంటే పనితనం ఎక్కువైపోయి రిటైరైన తుపాకీ అది. దాని పేరు చెప్పుకుని, ఆ పనితనంలో ఒక్క ఆకురాయి దెబ్బ కూడా తినకుండా అచ్చులోంచి జారిపడ్డ నువ్వు కూడా ఖరీదేనా? పోనీ అది లూగర్ కాబట్టి అనుకుందాం, మరి లిబరేటర్ సంగతేంటి? 1942లో అమెరికా వాళ్ళు రేకు ముక్కలతో ఒక్కోటి రెండు డాలర్ల చిల్లరకి పది లక్షల దాకా చేసి పడేసిన పిస్టల్ అది, ఒక తూటా కాల్చాక లోపలి గుల్లని పుల్లతో పొడిచి తియ్యాలి. యుద్ధంలో పారేసుకున్నా బాధ లేదని చౌకగా చేసినదానికి కూడా షోకేసులో పెట్టుకునే నకళ్ళు, అవి కూడా ప్రీమియం అట. నిజంగా పేలేది రెండు డాలర్లు, పేలనిది ప్రీమియం!

నీ ఎడమ పక్కన ఒక చిన్న ముక్క మీద గెలాడెన్ అని రాసుంది. లోడయి ఉంది అని అర్థం. అసలు దాంట్లో తూటా లోపలికెళ్తే ఆ ముక్క కొంచెం పైకి లేస్తుంది, అప్పుడే ఆ మాట కనబడుతుంది, చీకట్లో వేలితో తడిమినా తెలుస్తుంది. నీకేమో ఆ అక్షరాలు అచ్చులోనే పోసేశారు, ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. ఖాళీ జేబుతో రోజూ జీతం పడిందని చెప్పుకు తిరిగేవాడిలా.

అసలు లూగర్లు పోగేసేవాళ్ళకి ఇంకో పిచ్చి ఉంది, నంబర్లు. సీరియల్ నంబరు చివరి రెండంకెలు చిన్న చిన్న ముక్కల మీద కూడా కొట్టి ఉంటాయి. అన్నీ ఒకటైతే ఒక రేటు, ఒక్క ముక్క వేరేదైతే రేటు ఢమాల్. ఇది చదివిన రోజు రాత్రి నేను టార్చి లైటు, టూత్ బ్రష్ పట్టుకుని నిన్ను బల్ల మీద పడుకోబెట్టా. దుమ్ము దులిపి చూస్తే 47, 47, ఇక్కడా 47. మ్యాచింగ్! మా ఆవిడని లేపి మరీ చూపించా. ఆవిడ ఏమందో రాయను.

డీయాక్టివేట్ చేసిన, అంటే ఇక పేలకుండా చేసేసిన అసలుదే కొనాల్సిందేమో అని కూడా అనుకున్నా, కానీ యూరప్‌లో 2016 ఏప్రిల్ నుంచి కొత్త రూల్సు, లోపలి ముఖ్యమైన భాగాలు వెల్డింగ్ చేసెయ్యాలి. అసలుది బిగుసుకుపోయి ఉంటుంది, నకిలీది కదుల్తుంది. ఇక నిన్ను బయటికి తీసుకెళ్ళే ప్రశ్నే లేదు, దూరం నుంచి చూసే పోలీసుకి జమాక్ అని తెలీదు కదా. ఆ భయానికే జపాన్‌లో 1971 నుంచి మెటల్ పిస్టల్ మోడళ్ళకి తెలుపో పసుపో రంగెయ్యాలన్నారు, అమెరికాలో 1988 చట్టంతో బొమ్మ తుపాకుల మూతికి నారింజ రంగు వచ్చింది. పసుపు పచ్చ లూగర్ని ఒకసారి ఊహించుకో, అప్పుడు కూడా ఇంతే గంభీరంగా వేలాడతావా?

అయినా నీలో ఒకటుంది, దానికి మాత్రం డబ్బిస్తా. నీ వీపు మీద ఆ రెండు గుండ్రటి బొడిపెలు పట్టుకుని వెనక్కి లాగితే మోకాలు మడిచినట్టు టక్కుమని పైకి లేస్తుంది చూడు, అది. కాలు నిటారుగా చాచి గోడకి తన్నిపెట్టి ఉంటే ఎదురుగా ఎంత నెట్టినా మోకాలు వంగదు, కానీ వెనక నుంచి చిన్నగా పొడిస్తే చాలు మడుచుకుపోతుంది. లూగర్ మొత్తం ఆ కిటుకే. పేలిన దెబ్బకి గొట్టం, మోకాలు కలిసి కాస్త వెనక్కొస్తాయి, బొడిపెలు ఫ్రేము మీద వాలుకి తగిలి మోకాలు మడుచుకుంటుంది, ఖాళీ గుల్ల ఎగిరిపోతుంది. మాక్సిమ్ మెషిన్ గన్‌లో ఉన్న ఉపాయాన్ని బోర్చార్డ్ అనే ఆయన 1893లో పిస్టల్లోకి దింపితే లూగర్ అనే ఇంకొకాయన దాన్ని చేతికి అమిరేలా చేశాడు. పుస్తకంలో బొమ్మ నాలుగుసార్లు చూసినా నాకెక్కలేదు, నిన్ను రెండుసార్లు లాగితే ఎక్కింది. బంగారు పూత, చెక్క ఫలకం, లిమిటెడ్ ఎడిషన్ అని ఇత్తడి రేకు, కదలని ట్రిగ్గరు, అలాంటివి ఊరికే ఇచ్చినా నాకొద్దు. నీ మోకాలికైతే నేనిచ్చిన దాంట్లో మూడో వంతు దాకా న్యాయమే. మిగతా రెండు వంతులు సర్టిఫికెట్‌కి పోయాయనుకుంటా.

అందుకే మొన్న నిన్ను అమ్మకానికి పెట్టా, నీకు చెప్పకుండా, సారీ. ఒకాయన అడిగాడు, నంబర్లు మ్యాచ్ అవుతాయా అని. గర్వంగా ఫొటో పంపా, 47, 47, 47. పది నిమిషాలకి ఆయన దగ్గర్నుంచి కూడా ఒక ఫొటో వచ్చింది, ఏ మాటా లేకుండా. వాళ్ళింటి గోడ, దాని మీద నీలాంటిదే ఒకటి, దగ్గరగా తీశాడు.

47.

ఇట్లు,
నీ ఓనరు (ఇంకా)